నాలుగో వరస

శనివారం రాత్రి. కంచరపాలెం మెట్ట మీద మా డాబా.
నేను ఇన్వర్టర్ బ్యాటరీకి నీళ్లు పోస్తున్నాను.
మా మోక్షిత ఫోను స్పీకర్లో పెట్టి
పంచాయతీ నడుపుతోంది.

పాత వీడియోగేముల వేషాలు పదకొండు దిగాయట,
ఏది గొప్పదో ఈ రాత్రే తేలిపోవాలట.
వాళ్లు స్కిన్ అంటారు. నేను వేషమే అంటాను,
తోలు అనుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.
కోటవీధి నుంచి సుహేల్, జ్ఞానాపురం నుంచి గ్లోరీ,
గాజువాక నుంచి ఇంకెవడో,
వాడి పేరు తెలీదు, దగ్గు మాత్రం గుర్తుపడతాను.

బిళ్లల రాజుకే మొదటి ర్యాంకంటాడు సుహేల్.
ఒళ్లంతా బంగారు నాణేలు, నడిస్తే గలగల, పదిహేను వందలు.
"గలగలమంటే అవతలోడికి వినపడదేటి?" అంది గ్లోరీ.
కాసేపు ఎవరూ మాట్లాడలేదు. దగ్గు ఒక్కటే.

"నాన్నా, నువ్వు చెప్పు. ఆ డబ్బాల మెకానిక్కువి కదా."

అవును. జగదాంబ దగ్గర సందులో, మేడమెట్ల కింద
ఏడు డబ్బాలు.
ఉప్పుగాలికి స్క్రూలు తుప్పెక్కేవి,
హార్బరు నల్లదుమ్ము బటన్ల కిందికి దూరేది,
అగ్గిపుల్లకి దూది చుట్టి తీసేవాణ్ణి.

కళ్లద్దాలు తుడుచుకుని చూశాను.
ఈ నియాన్ పిల్ల గుండెల మీద ఆరు బటన్లూ కొత్తవే,
అబద్ధం. ఎడమ చివరి ఎర్రది ముందు అరగాలి,
తుపాకీ అదే కదా.
ఈ గీతల దెయ్యానికి గీతలు నిలువుగా గీశారు,
తెర మీద అడ్డంగా ఉండేవమ్మా.
"ఎవరు చూస్తారు నాన్నా?"
నేను చూశాను కదా.

"పదకొండోదేటి?"
"అదా? ఊరికే ఇచ్చారు. దాన్ని ఎవడూ వేసుకోడు."
బూడిదరంగు డబ్బాకి కాళ్లూ చేతులూ మొలిచాయి,
ముఖం మీద టేపుతో అంటించిన కాగితం,
ఇంగ్లీషులో: పని చేయదు.

నీళ్ల సీసా కింద పెట్టాను.
దస్తూరీ నాది కాదు. అయినా నాదే.

ఎల్లాజీ అని ఓ గుంటడు,
ఫిషింగ్ హార్బర్ నుంచి ఐసుబండి వెనకాల వేలాడి వచ్చేవాడు.
జేబులో రూపాయి ఉండదు, చేప పొలుసులుంటాయి.
ఐదో డబ్బా పక్కన నిలబడి చూసేవాడు,
ఆడేది ఇంకొకడు, వేళ్లు కదిలేవి వీడివి.
ఓనరు భోజనానికెళ్లగానే
నిక్షేపంలా ఉన్న ఐదో డబ్బాకి కాగితం అంటించేవాణ్ణి.
రాత్రి షట్టరు సగం దించాక చింపేసేవాణ్ణి.
వెనక తలుపు తీసి సన్నటి తీగని వేలితో నొక్కితే
రూపాయి పడిందనుకునేది, పిచ్చి మిషను.

మూడు ఇంగ్లీషు అక్షరాల్లో పేరు రాసుకునేవాడు,
మూడోది ప్రతిసారీ తిరగేసి వెతుక్కుంటూ.
ప్లగ్గు పీకితే పేర్లు పోతాయి, అందుకే పీకలేదు.
కరెంటు బిల్లు చూసి ఓనరు నన్ను నానా మాటలన్నాడు.
ఓ గాలివాన రాత్రి ఊరంతా చీకటైంది, ఆ పట్టికా పోయింది.
తరవాత ఎల్లాజీ వేటకెళ్లడం మొదలెట్టి
రావడం మానేశాడు. అంతే, ఇంకేం జరగలేదు.
మొన్న పూర్ణా మార్కెట్లో కనపడ్డాడు, పొట్టొచ్చింది,
నన్ను గుర్తుపట్టలేదు.

ఇదేదీ పిల్లలకి చెప్పలేదు.
"దీన్ని మొదట పెట్టండి" అన్నాను, అంతే.
ఫోన్లో నాలుగు వీధులు ఒక్కసారి లేచాయి.
"ఊరికే వచ్చినదానికి ర్యాంకేటి అంకుల్!"
దగ్గు కూడా నాకు వ్యతిరేకమే.

మోక్షిత మాత్రం నా ముఖం కేసి
కాసేపు చూసింది, బ్యాటరీ మీటరు చూసినట్టు.
"నాలుగిస్తాను. అంతకన్నా కుదరదు."

బాగానే ఉంది.
ఎల్లాజీ ఎంత ఆడినా
పట్టికలో నాలుగో వరస దాటలేదు.